కాంక్రీటు కొండకు ఎదురుగా

రండి, ఎక్కండి. తలుపులు మూసుకునేలోపు ఆ స్తంభం పట్టుకోండి. కూర్చోడానికి చోటు దొరకదు ఈ రోజు.

2024 సెప్టెంబరు 26, గురువారం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ స్టేషన్. ఆఫీసులకు పోయేవాళ్ల రద్దీ సద్దుమణిగి బార్ట్ రైలు సగం ఖాళీగా నడవాల్సిన వేళ. కానీ పెట్టె నిండా ఆకుపచ్చ రంగే కనిపిస్తోంది. ఆకుపచ్చ టోపీలు, ఆకుపచ్చ చొక్కాలు, వాటి మీద పసుపుపచ్చ అక్షరాలు. తలుపు పక్కన ఒక తాత, ఆయన మోకాళ్ల మధ్య మనవడు. తాత చొక్కా ఉతికి ఉతికి ఆకుపచ్చ కాస్తా బూడిద రంగులోకి దిగిపోయింది. మనవడిది నిన్నో మొన్నో కొన్నది, మడత గీతలు ఇంకా పోలేదు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. చావింటికి పోయేటప్పుడు బస్సులో జనం ఎలా కూర్చుంటారో మీరు చూసే ఉంటారు.

మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఓక్లాండ్ కొలీజియంలో ఆట మొదలవుతుంది. ఓక్లాండ్ అథ్లెటిక్స్, టెక్సాస్ రేంజర్స్. 57 సీజన్లు ఆ మైదానంలో ఆడిన బేస్‌బాల్ జట్టుకు అక్కడ ఇదే ఆఖరి ఆట. కొత్త స్టేడియం కోసం ఇరవై ఏళ్లు తిరిగి, ఐదారు చోట్ల స్థలాలు చూసి, ఊరితో కలిసి ఒక్క ఇటుక కూడా పేర్చకుండా జట్టు వెళ్లిపోతోంది.

రైలు కదిలింది. కొలీజియం చేరడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే మనం ఎక్కిన ఈ ఊరు కూడా ఆ కథలో ఒక అధ్యాయం.

ఫ్రీమాంట్ అంటే మనవాళ్లకు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పెసరట్టు దొరికే హోటళ్లు, ఆదివారం తెలుగు బడులు, సంక్రాంతి ముగ్గుల పోటీలు. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. పసిఫిక్ కామన్స్ అని మనం సరుకులకు వెళ్లే షాపింగ్ సెంటరు ఉంది కదా, 880 రహదారి పక్కన? ఆ పక్క స్థలంలో ఈ జట్టుకు స్టేడియం కడతామని 2006 నవంబరులో ప్రకటించారు. పేరు కూడా పెట్టేశారు, సిస్కో ఫీల్డ్ అని. సుమారు 32,000 సీట్లు, చుట్టూ ఇళ్లు, దుకాణాలు. ఆ ఇళ్లు అమ్మితే వచ్చే డబ్బుతో స్టేడియం కట్టాలన్నది 2005లో జట్టు పగ్గాలు చేపట్టిన లూ వూల్ఫ్ ఆలోచన. ఆయనతో కలిసి జట్టును కొన్నవాడు జాన్ ఫిషర్, గ్యాప్ బట్టల దుకాణాలు పెట్టిన దంపతుల కొడుకు. ఈ రెండో పేరు గుర్తుంచుకోండి.

స్టేడియానికి దగ్గర్లో రైలు లేదు. ఆట ఉన్న రోజు పార్కింగ్ ఏమవుతుందని పసిఫిక్ కామన్స్‌లోని పెద్ద దుకాణాలు అడ్డం తిరిగాయి. ఈలోగా 2008 వచ్చింది, ఇళ్ల ధరలు కుప్పకూలాయి. ఇళ్లు అమ్మి స్టేడియం కట్టే లెక్క అక్కడితో తప్పింది. వార్మ్ స్ప్రింగ్స్‌లో, ఇప్పుడు టెస్లా ఫ్యాక్టరీ ఉన్న వైపు, ఇంకో స్థలం చూపిస్తే ఆ పేటవాళ్లు సభలకు తరలివచ్చి మాకొద్దన్నారు. 2009 ఫిబ్రవరిలో ఫ్రీమాంట్ ఫైలు మూసేశారు. ఆ రోజుల్లో ఈ ఊరికి ఆ నష్టం పెద్దగా తగల్లేదు. ఇవాళ ఈ పెట్టెలో నిలబడి ఈ తాత మొహం చూస్తుంటే మాత్రం నాకు తగులుతోంది.

యూనియన్ సిటీ. ఇంకో ఇరవై మంది ఎక్కారు. సౌత్ హేవర్డ్. హేవర్డ్. కుడివైపు కిటికీలోంచి కొండలు చూడండి, ఎండకు మాగిన గడ్డితో లేత గోధుమ రంగులో ఎలా ఉన్నాయో. ఆ కొండలను ఒకసారి కళ్ల నిండా చూసి పెట్టుకోండి. కాసేపట్లో వాటితో పని పడుతుంది.

మన వెనక, ఈ రైలు వచ్చిన దిక్కునే, శాన్ హోసే ఉంది. ఫ్రీమాంట్ తర్వాత వూల్ఫ్ చూపు దాని మీద పడింది. శాన్ హోసే రమ్మంది, స్థలం చూపించింది. అడ్డం వచ్చింది డబ్బు కాదు, పొరుగు జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్. అమెరికా బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు ఒక్కో ఇలాకా ఉంటుంది. శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీ జెయింట్స్ ఇలాకా. అది వాళ్లకు ఎలా దక్కిందో వింటే మనసు చివుక్కుమంటుంది. 1990 ప్రాంతంలో జెయింట్స్‌కు స్టేడియం లేక, ఊరు విడిచిపోతారేమో అన్న రోజుల్లో, అథ్లెటిక్స్ అప్పటి యజమాని వాల్టర్ హాస్ ఆ కౌంటీ మీద తన జట్టుకున్న వాటాను పైసా తీసుకోకుండా వాళ్లకు వదిలేశాడు. పొరుగువాడు నిలబడాలన్న పెద్దమనసు. జెయింట్స్ చివరికి శాంటా క్లారాకు పోలేదు, శాన్‌ఫ్రాన్సిస్కోలోనే సముద్రం ఒడ్డున కట్టుకుని 2000 నుంచి హాయిగా ఆడుకుంటున్నారు. హక్కు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

అప్పటి బేస్‌బాల్ కమిషనర్ బడ్ సెలిగ్ 2009లో ఒక కమిటీ వేశాడు. సంవత్సరాలు గడిచాయి. కమిటీ నివేదిక బయటికి రాలేదు, 2015 జనవరిలో సెలిగే పదవి దిగిపోయాడు. శాన్ హోసే నగరం 2013లో కోర్టుకెక్కింది. అయితే అమెరికా సుప్రీంకోర్టు 1922లో ఇచ్చిన ఒక తీర్పు బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి మినహాయింపు ఇచ్చి కూర్చుంది. దాని ముందు కింది కోర్టుల్లో ఏమీ సాగలేదు. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసును వినడానికే ఒప్పుకోలేదు. శాన్ హోసే కథ కంచికి చేరింది.

బే ఫెయిర్. శాన్ లియాండ్రో. తర్వాతది మనదే. తలుపు దగ్గరికి జరగండి.

కొలీజియం స్టేషన్‌లో దిగి పాదచారుల వంతెన మీదికి వచ్చాం. కింద రైలు పట్టాలు, రెండు పక్కలా ఇనుప జాలీ. ఈ వంతెన మీద నడవని వాడు ఈ జట్టు అభిమాని కాదు. జాలీకి ఆనుకుని సాసేజ్‌లు, ఉల్లిపాయలు కాలుస్తున్న బండ్లు, దొంగచాటు టీషర్టులు, నీళ్ల సీసాలు. ఉల్లిపాయ వేగుతున్న వాసనకు ఆకలి లేనివాడికి కూడా నోరూరుతుంది. వెనక నుంచి జనం తోస్తున్నారు, అయినా ఎవరికీ తొందర లేదు. వంతెన త్వరగా అయిపోకూడదని నడుస్తున్న నడక ఇది.

తల ఎత్తండి. ఎదురుగా ఆకాశాన్ని సగానికి కోసి నిలబడిన ఆ బూడిద రంగు గోడ కనిపిస్తోందా? అదే మౌంట్ డేవిస్. దాని వీపు చూస్తున్నాం మనం. ఈ జట్టు గతి ఎందుకిలా అయిందని ఎవరైనా అడిగితే నేను ముందుగా దాన్నే చూపిస్తాను.

1966లో ఈ మైదానం తెరిచినప్పుడు అక్కడ ఏ గోడా లేదు. భూమిలోకి తవ్వి కట్టిన గిన్నె లాంటి స్టేడియం, అటువైపు తెరిచి ఉండేది. 1968లో కాన్సాస్ సిటీ నుంచి బేస్‌బాల్ జట్టు వచ్చి చేరింది. సీట్లో కూర్చుంటే ఆట, ఆట వెనక ఓక్లాండ్ కొండలు. ఇందాక రైల్లోంచి చూసిన కొండలే. సాయంత్రం ఆటల్లో వాటి మీద ఎండ కరిగిపోవడం చూడ్డానికే వచ్చేవాళ్లమని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయిన రైడర్స్ ఫుట్‌బాల్ జట్టును 1995లో వెనక్కి రప్పించుకోవడానికి నగరం, కౌంటీ కలిసి అప్పు చేసి, ఆ తెరిచిన వైపున వేల సీట్లతో ఈ కాంక్రీటు కట్టడం లేపాయి. రైడర్స్ యజమాని అల్ డేవిస్ పేరు మీద జనమే దానికి మౌంట్ డేవిస్ అని పేరు పెట్టారు. కొండలు కనిపించకుండా పోయాయి. బేస్‌బాల్‌కు ఆ పైసీట్లు నిండడం చాలా అరుదు, తర్వాత వాటిమీద టార్పాలిన్ కప్పి ఉంచేవారు. తర్వాత రైడర్స్ లాస్ వేగాస్‌కు పోయారు. 2019 డిసెంబరులో వాళ్ల చివరి ఆట ఇక్కడే. అదే ఏడాది, పక్కనున్న ఇండోర్ స్టేడియంలో ఆడే వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోకు మారింది. జట్లు పోయాయి, గోడ మిగిలింది. గోడ తాలూకు అప్పు కూడా ఊరి నెత్తిన మిగిలింది.

ఓక్లాండ్ పిసినారి ఊరు, జట్టుకు డబ్బివ్వలేదు అన్న మాట చాలాసార్లు విన్నాను. నేను ఒప్పుకోను. ఒకసారి యజమాని అడిగినంతా ఇచ్చి, ఆ యజమాని వెళ్లిపోయాక కూడా వడ్డీ కడుతూ వచ్చిన ఊరు రెండోసారి సంతకం పెట్టేముందు కాగితం తిప్పితిప్పి చదవడంలో తప్పేముంది? బడులకు, రోడ్లకు, ఇళ్లు లేనివాళ్లకు డబ్బు చాలని ఊరది.

లోపలికి వచ్చాం. కాస్త చీకటిగా, తడి సిమెంటు వాసన వేసే నడవా. ఈ గోడల వెనక సంగతులు దేశమంతా తెలుసు. మైదానం సముద్ర మట్టం కన్నా సుమారు 20 అడుగుల దిగువన ఉంది. 2013 జూన్‌లో ఒకరోజు మురుగు ఎదురు తన్ని ఆటగాళ్ల గదుల్లోకి వచ్చేసింది. అథ్లెటిక్స్, సియాటిల్ మారినర్స్ రెండు జట్ల ఆటగాళ్లూ పైనున్న రైడర్స్ గదుల్లో స్నానాలు చేయాల్సి వచ్చింది. కొత్త స్టేడియం కావాలనడంలో అబద్ధమేమీ లేదు. అభిమానులు కూడా కొత్తది కావాలనే అన్నారు. తమ ఊళ్లో కావాలన్నారు, అంతే.

నడవా అయిపోయింది. వెలుగు. కింద పచ్చగా, తడి ఆరని గడ్డి. దాని మధ్య ఎర్రమట్టి. ఆ మట్టికి రికీ హెండర్సన్ ఫీల్డ్ అని పేరు, 2017లో పెట్టారు. రికీ ఈ ఊళ్లో పెరిగినవాడు, ఓక్లాండ్ టెక్ హైస్కూల్లో చదివినవాడు. బేస్‌బాల్ చరిత్రలో ఆయన దొంగిలించినన్ని బేస్‌లు ఎవరూ దొంగిలించలేదు. క్రికెట్ చూసేవాళ్లకు చెప్పాలంటే, బంతి ఇంకా బౌలర్ చేతిలో ఉండగానే అవతలి క్రీజుకు పరుగెత్తి చేరడం లాంటిది అది. పట్టుబడితే ఔట్. అలాంటి దొంగతనాలు 1,406. ఇదుగో, ఇప్పుడే ఆయన మైదానంలోకి వచ్చాడు. పక్కన డేవ్ స్టూవర్ట్, ఆయనా ఓక్లాండ్‌లో పుట్టినవాడే. 1989లో చివరిసారి ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు ఇద్దరూ ఈ జట్టులో ఉన్నారు. ఆట మొదలయ్యే ముందు తొలి బంతి విసిరే గౌరవం ఈ ఇద్దరికీ ఇచ్చారు. జనం లేచి నిలబడ్డారు. మన పక్క వరసలో నలభై దాటిన మనిషి ఒకాయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని రికీ, రికీ అని పిలుస్తున్నాడు, ఇంటి ముందు నుంచి పోతున్న బంధువును కేకేసినట్టు.

1972, 1973, 1974లో వరసగా మూడుసార్లు, మళ్లీ 1989లో. నాలుగు ప్రపంచ సిరీస్‌లు. 2002లో వరసగా 20 ఆటలు గెలిచారు. ఇరవయ్యో ఆటలో 11 పరుగులు ముందుండి, ఆ ఆధిక్యమంతా పోగొట్టుకుని, చివర్లో స్కాట్ హాటెబర్గ్ కొట్టిన హోమ్ రన్‌తో 12-11తో బయటపడ్డారు. తక్కువ డబ్బుతో మంచి ఆటగాళ్లను లెక్కలు కట్టి ఎంచుకున్న బిల్లీ బీన్ కథ మనీబాల్ సినిమాగా వచ్చాక మన హైదరాబాద్‌లో కూడా చాలామంది చూశారు. ఆ సినిమాలో కనిపించే జట్టు ఇదే.

చొక్కా భుజం మీద ఏనుగు బొమ్మ చూశారా? దానికీ ఒక కథ ఉంది. జట్టు 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. మరుసటి ఏడాది న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఈ జట్టును తెల్ల ఏనుగు అని ఎగతాళి చేశాడు. మేపలేరు, వదిలించుకోలేరు అని. ఫిలడెల్ఫియా మేనేజర్ కోనీ మాక్ ఆ తిట్టునే తీసుకుని జట్టుకు గుర్తు చేసేశాడు. ఫిలడెల్ఫియా నుంచి 1955లో కాన్సాస్ సిటీకి, అక్కడి నుంచి ఇక్కడికి ఆ ఏనుగు నడిచి వచ్చింది. ఇప్పుడు మళ్లీ ప్రయాణం కట్టింది.

ఆట మొదలైంది. ఔట్‌ఫీల్డ్ వైపు నుంచి డ్రమ్ముల చప్పుడు. లెట్స్ గో ఓక్లాండ్, వెనకాలే చప్పట్లు. గుండె మీద కొట్టినట్టు వినిపిస్తుంది, పండగ రోజు డప్పు పక్కన నిలబడ్డట్టు. జాగ్రత్త, అటు బంతి వస్తోంది. గీత అవతల పడ్డ బంతిని గాలిలో పట్టుకున్నా బేస్‌బాల్‌లో ఔటే, ఈ మైదానంలో గీత అవతల ఖాళీ జాగా పెద్ద లీగ్‌లో మరెక్కడా లేనంత. వేరే ఊళ్లో సీట్లలో పడిపోయే బంతి ఇక్కడ చేతిలో పడుతుంది. బ్యాటర్లు తిట్టుకునేవారు, బంతి విసిరేవాళ్లు దండం పెట్టుకునేవారు.

ఇన్నింగ్స్ మధ్యలో మిగిలిన కథ చెప్పేస్తాను.

2016 చివర్లో వూల్ఫ్ పక్కకు తప్పుకున్నాడు. ఫిషర్ ముందుకొచ్చాడు, డేవ్ కావల్ అనే ఆయన జట్టు అధ్యక్షుడయ్యాడు. ఓక్లాండ్‌లోనే పాతుకుపోతాం అన్న నినాదం మొదలైంది. నినాదం ఉన్న బోర్డులు ఊరంతా వెలిశాయి. 2017 సెప్టెంబరులో లేనీ కాలేజీ పక్క స్థలం ఎంచుకున్నారు. డిసెంబరులో కాలేజీ బోర్డు కుదరదంది. 2018 నవంబరులో హోవర్డ్ టెర్మినల్. ఓడరేవులో, జాక్ లండన్ స్క్వేర్ పక్కన, నీళ్ల అంచున. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ బియార్కె ఇంగెల్స్ సంస్థ గీసిన బొమ్మల్లో స్టేడియం కప్పు మీద తోట, జనం కప్పు మీద నడుస్తూ సముద్రం చూస్తున్నారు. ఆ బొమ్మలు చూసి నమ్మనివాడు లేడు. నేనూ నమ్మాను.

ఓడ సరుకు దింపే లారీలు ఎటు పోవాలని రేవు సంస్థలు కోర్టుకు వెళ్లాయి. జట్టు స్టేడియం ఒక్కటే కడతామనలేదు. 3,000 ఇళ్లు, ఆఫీసులు, హోటళ్లు కలిపి 1,200 కోట్ల డాలర్ల పథకం. అందులో రోడ్లు, వంతెనల ఖర్చు ఎవరిది, పేదలకు ఇళ్లెన్ని? 2021 జూలై 20న నగర కౌన్సిల్ తన షరతులతో 6-1 ఓటుతో ముసాయిదా ఆమోదించింది. జట్టు మొహం చాటేసింది. 2022 ఫిబ్రవరిలో కౌన్సిల్ పర్యావరణ నివేదికను కూడా ఆమోదించింది. పెళ్లి చూపులు అయ్యాయి, జాతకాలు కలిశాయి, కట్నం దగ్గర బేరం నడుస్తూనే ఉంది, ఇంతలో పెళ్లికొడుకు వేరే ఊళ్లో సంబంధం చూసుకుంటున్నాడు. 2023 ఏప్రిల్ 19 రాత్రి ఓక్లాండ్‌కు కబురొచ్చింది, లాస్ వేగాస్‌లో భూమి ఒప్పందం అయిపోయిందని.

ఈ మధ్యలో జరిగినదే నాకు అన్నిటికన్నా బాధ. మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్, షాన్ మర్ఫీ, జనం పేర్లు పెట్టి పిలుచుకునే ఆటగాళ్లను 2022లో ఒక్కొక్కరినీ వేరే జట్లకు ఇచ్చేశారు. సీజన్ టికెట్ ధరలు పెంచారు. 2023లో జట్టు 112 ఆటలు ఓడింది. ఆ ఏడాది వచ్చిన జనం 8,32,352, పెద్ద లీగ్ మొత్తంలో ఆఖరి స్థానం. అంగట్లో సరుకంతా ఎత్తేసి, ధర పెంచి, ఈ ఊళ్లో కొనేవాళ్లు లేరని చెప్పినట్టు. ఖాళీ సీట్ల ఫోటోలు దేశమంతా తిరిగాయి. ఆ ఫోటోలే సాక్ష్యం అయిపోయాయి.

దానికి ఈ ఊరు ఇచ్చిన జవాబు 2023 జూన్ 13 రాత్రి. ఆ రాత్రి కూడా ఈ సీట్లలోనే కూర్చోండి ఒక్క నిమిషం. బహిష్కరణ కాదు, దానికి తిరగేసినది. రాకపోవడమే మా నేరమైతే అందరం ఒకేసారి వస్తాం అని అభిమానులు తమలో తాము కబురు పెట్టుకున్నారు. వాళ్లే డబ్బు వేసుకుని ఆకుపచ్చ చొక్కాలు అచ్చు వేయించారు, ఛాతీ మీద ఒకే మాట, అమ్మెయ్యి అని. పార్కింగ్ లాట్‌లో ఉచితంగా పంచారు. మామూలుగా పది వేల లోపు వచ్చే మంగళవారం రాత్రి 27,759 మంది. అయిదో ఇన్నింగ్స్‌లో తొలి బ్యాటర్ నిలబడినంతసేపు గ్యాలరీ అంతా నోరు మూసుకుంది. డ్రమ్ములు ఆగాయి. బంతి చేతి తొడుగులో పడిన చప్పుడు పై వరసల దాకా వినిపించింది. తర్వాత ఒక్కసారిగా, జట్టును అమ్మెయ్, జట్టును అమ్మెయ్. లీగ్‌లో అందరికన్నా అట్టడుగున ఉన్న జట్టు ఆ రాత్రి, అప్పటికి అందరికన్నా పైనున్న టాంపా బే రేస్‌ను 2-1తో ఓడించింది. వరసగా ఏడో గెలుపు.

అదే రోజు నెవాడా సెనేట్‌లో ఓటు జరిగింది. లాస్ వేగాస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల డబ్బు ఇచ్చే బిల్లు నెగ్గింది. రెండు రోజుల తర్వాత అక్కడి గవర్నర్ సంతకం పెట్టాడు. నవంబరు 16న 30 జట్ల యజమానులూ తరలింపుకు ఒప్పుకున్నారు, ఒక్క ఓటు కూడా ఎదురు పడలేదు. వేగాస్ స్టేడియం పూర్తయ్యేదాకా సాక్రమెంటో నది అవతలి ఒడ్డున, వెస్ట్ సాక్రమెంటోలో సుమారు 14,000 మంది పట్టే చిన్న మైదానంలో ఆడతారు. అక్కడ ఉన్నన్నాళ్లూ పేరు ముందు ఊరి పేరే ఉండదు, ఒట్టి అథ్లెటిక్స్.

ఇవాళ్టి లెక్క బోర్డు మీద వేశారు, చూడండి. 46,889. ఖాళీ సీట్ల ఊరు ఇది.

తొమ్మిదో ఇన్నింగ్స్. 3-2తో మనవాళ్లు ముందున్నారు. బంతి మేసన్ మిల్లర్ చేతిలో ఉంది, గంటకు వంద మైళ్ల వేగం దాటించే కుర్రవాడు. ఎవరూ కూర్చోలేదు. ఇందాక రైల్లో చూసిన తాత మూడు వరసల కింద ఉన్నాడు, మనవడిని బెంచీ మీదికి ఎక్కించి నడుం పట్టుకున్నాడు. రెండు ఔట్లు. ఇంకొకటి. అదేమి చిత్రమో, గెలవాలని కేకలు వేస్తున్న గొంతుల్లోనే ఆట అయిపోకూడదన్న భయం వినిపిస్తోంది. ట్రావిస్ జాంకోవ్‌స్కీ కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ మూడో బేస్ వైపు వెళ్లింది. పట్టాడు. మొదటి బేస్‌కు విసిరాడు. ఔట్.

స్పీకర్లలో సెలబ్రేషన్ పాట మొదలైంది, ఇక్కడ గెలిచిన ప్రతిసారీ వేసే పాట. జనంలో సగం మంది ఏడుస్తూ పాడుతున్నారు. ఆటగాళ్లు గదుల్లోకి పోలేదు. మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకున్నాడు. ఒకప్పుడు ఈ జట్టుకే ఇక్కడ ఆడినవాడు. కృతజ్ఞతలు చెప్పి, చివరిగా ఒక్కసారి ఆ కేక వేయమని అడిగాడు. లెట్స్ గో ఓక్లాండ్. ఈసారి డ్రమ్ములు వినపడలేదు, గొంతులే వాటిని మింగేశాయి.

దిగువకు రండి, కంచె దాకా. మైదానం చూసుకునే పనివాళ్లు ఇటు వచ్చారు. జనం బీరు తాగిన ప్లాస్టిక్ కప్పులు చాస్తున్నారు. వాటిలోకి ఎర్రమట్టి పడుతోంది. ఒకామె కప్పును రెండు చేతులతో పట్టుకుంది, నిండుగా ఉన్న పాలగ్లాసు పట్టుకున్నట్టు. తాత వంతు వచ్చింది. ఆయన కప్పు తేలేదు. టోపీ తీసి వెల్లకిలా తిప్పి చాపాడు.

ఇంకొక్కసారి ఇదే వంతెన మీదికి రండి. దాదాపు తొమ్మిది నెలల తర్వాత, 2025 జూన్ 12 సాయంత్రం. రికీ హెండర్సన్ డిసెంబరులో చనిపోయాడు. ఓక్లాండ్ బాలర్స్ అనే చిన్న జట్టు, అభిమానుల దగ్గర వాటాలు అమ్మి, వెస్ట్ ఓక్లాండ్‌లోని రైమండీ పార్కులో ఆడుకుంటోంది. వేగాస్‌లో ఇంకో పదకొండు రోజుల్లో శంకుస్థాపన. ఇక్కడ మాత్రం వంతెన నిండా మన మొహాలు. తెలుగు, తమిళం, హిందీ, పంజాబీ. మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ ఇవాళ కొలీజియంలో మొదలవుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్, వాషింగ్టన్ ఫ్రీడమ్. గడ్డి మధ్యలో పిచ్ పరిచారు, బేస్‌ల ఆనవాలు లేదు. ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, 19 సిక్సర్లు, ట్వంటీ20లో ఒక్క ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు అప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. ప్రతి సిక్సర్‌కూ లేచి అరుస్తున్నాం. నేనూ అరిచాను, అందులో దాపరికమేమీ లేదు.

ఓవర్ల మధ్యలో మా అబ్బాయి మౌంట్ డేవిస్ వైపు చూపించాడు.

"నాన్నా, అక్కడ ఎవరూ కూర్చోలేదేంటి?"

"దాని వెనకాల కొండలున్నాయిరా," అన్నాను.

"కనిపించట్లేదుగా?"

"ఇప్పుడు కనిపించవు. ఇక్కడ రికీ హెండర్సన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన వచ్చిన కొత్తలో కనిపించేవి." వాడు పాప్‌కార్న్ పొట్లం నా చేతికిచ్చి, కాళ్లు పైకి ముడుచుకుని నా వైపు తిరిగి కూర్చున్నాడు.